జారిన చుట్ట

మామ్మ ఎడమకాలికి చెప్పు లేదు. ఆటో ఊరు దాటి తారురోడ్డెక్కేక గాని హేమశ్రీ ఆ సంగతి చూడలేదు. కుడికాలికి నీలం హవాయి చెప్పు ఉంది. ఎడమ పాదం మాత్రం ఆటో అడుగున పరిచిన రబ్బరు పట్టా మీద ఉత్తినే, కొంచెం లోపలికి తిరిగి, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన సామానులా ఉంది. అరుగు మీంచి ఆటో దాకా నడిపించుకొచ్చేటప్పుడు ఎక్కడో జారిపోయి ఉంటుంది. పోతే పోయింది, వడ్డాది సంతలో ఇంకో జత దొరుకుతుంది. కాని మామ్మ అడగలేదు. చెప్పు పోతే ఊరుకునే మనిషి కాదు మామ్మ. కిందటేడు పెళ్ళివారింట్లో ఎవరో తన చెప్పులు తొడుక్కుపోతే, భోజనాల దగ్గర బంతి పొడుగునా వంగి అందరి కాళ్ళూ చూసుకుంటూ వెళ్ళి, చివరికి పెళ్ళికొడుకు మేనత్త కాళ్ళకి ఉంటే పట్టుకుంది. అలాంటి అచ్చియ్యమ్మ ఒక కాలికి చెప్పు లేకుండా, లేదన్న ఊసైనా ఎత్తకుండా, ఆటోలో కూర్చుని ఎదర రోడ్డు కేసి చూస్తోంది.

"బేగి పోనీరా పెదబాబూ," అంది చిన్నమ్మి అత్త. "దీపాలేళయితే గణపతిరావుగారు లెగిసి ఇంటికెల్లిపోతారు."

"పోతన్నానప్పా. ముందు ట్రాక్టరు సూసేవా, రోడ్డంతా చెరుకే ఉంది," అన్నాడు పెదబాబు. అద్దంలోంచి మామ్మ మూతి వైపు చూసి, "కాలినదానికి టూతుపేస్టు రాయాలి గాని ఎన్న రాసేవేటప్పా. ఎన్నేస్తే వేగిపోదూ?" అన్నాడు.

"నోర్మూసుకుని బండి తోలు. పెద్ద డాక్టరు సదువు సదివినట్టు."

అత్త మామ్మకి కుడిపక్క కూర్చుంది, హేమశ్రీ ఎడమపక్క. అత్త చెరుకు తోటలోంచి అలాగే వచ్చేసింది, జాకెట్టు చేతుల మీద చెరుకాకు గీసిన గీతలు, చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపుకునే ఉన్నాయి. అత్త వైపు నుంచి చూస్తే మామ్మ మామూలు మామ్మే. కుడి కన్ను తెరిచి ఉంది, కుడి బుగ్గ మీద ముడతలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, కుడి చెయ్యి ఆటో కడ్డీ పట్టుకుని ఉంది. హేమశ్రీకి కనపడేది ఇంకో మామ్మ. ఈ పక్క బుగ్గ జారినట్టుంది, నీళ్ళలో తడిసి బరువెక్కిన బట్టలా. పెదవి కొస బొబ్బెక్కి, దాని మీద వెన్న కరిగి గెడ్డం దాకా కారుతోంది. చెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆటో గోతిలో పడ్డప్పుడల్లా ఆ చెయ్యి ఎగిరి మళ్ళీ పడుతోంది, దాని మానాన అది. ఒకే మనిషికి రెండు పక్కలుంటే ఎవరు ఎటు కూర్చున్నారో దాన్ని బట్టి జబ్బు మారిపోతుందా, అనుకుంది హేమశ్రీ. ఆ మాట పైకి అంటే ఎలా ఉంటుందో కూడా అనుకుంది.

ఆమె గుప్పిట్లో సగం కాలిన చుట్ట ఉంది. ఆరిపోయింది. ఎందుకు పట్టుకొచ్చిందో తెలీదు. చీరకి అంటుకున్న నిప్పు నలిపేసినప్పుడు చేతిలోకి వచ్చింది, అప్పట్నుంచీ అరచేతి చెమటకి మెత్తబడుతూ అక్కడే ఉండిపోయింది.

మామ్మ అడ్డపొగ తాగుతుంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి లోపల్లోపలే పీలుస్తుంది. ఈ చుట్టుపక్కల ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అంతే. గాలికి ఆరదే, వానకి తడవదు, రెండు సేతులూ ఖాళీగా ఉంటాయి, ఊడుపుల్లో వంగున్నంతసేపూ దాని పాటికది నోట్లో ఉంటాది, అని చెప్పేది మామ్మ. చిన్నప్పుడు కరెంటు పోతే హేమశ్రీ "మామ్మా, దీపం" అనేది. మామ్మ నోరు తెరిచేది. ఆ చీకట్లో మామ్మ నోట్లో ఎర్రగా చిన్న దీపం, దాని వెలుగులో మిగిలిన నాలుగు పళ్ళూ, ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళిచ్చిన అంగిలీ. కాలదా మామ్మా అని అడిగితే, "దానికీ నాకూ ఒప్పందవే" అనేది. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, పక్కింటావిడని తిట్టేది, చేట చెరిగేది, నవ్వేది. పెదవి మాత్రం వదిలేది కాదు. నాన్న చిన్నప్పటినుంచీ, అంతకు ముందునుంచీ, ఆ నోట్లోంచి చుట్ట జారడం ఎవరూ చూడలేదు. ఇవాళ జారింది. అందరూ మూతి కాలిందన్న దగ్గరే ఆగిపోయారు. ఎందుకు జారిందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన వాళ్ళలో తనూ ఉంది, ఆటో ఎక్కేదాకా తనకీ తోచలేదు, చెప్పు లేని ఆ పాదం చూసేక తోచింది.

ఇవాళ రెండో శనివారం, బడి లేదు. పదో తరగతి పరీక్షలయ్యేదాకా హేమశ్రీ మామ్మ దగ్గరే ఉండాలి. అమ్మా నాన్నా గాజువాకలో ఉంటారు, నాన్న అక్కడ కంపెనీలో కాంట్రాక్టు పని. అందుకని మధ్యాహ్నాలు మామ్మా తనూ ఇద్దరే. మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. తను గుమ్మానికి ఆనుకుని పుస్తకం చదువుతోంది. మాడుగుల వెళ్ళే మూడున్నర బస్సు వచ్చింది. దాని డ్రైవరు బట్టతల, లావు మీసాల మనిషి. రోజూ ఆ బస్సు వెళ్ళేటప్పుడు మామ్మ అనే మాటే ఇవాళా అంది. "ఒసే గుంటా, నీ మొగుడి బస్సు ఎల్లిపోతంది. సెయ్యైనా ఊపవేటే, అలిగిపోగల్డు." ప్రతి మాటా గింజ తీసిన చింతపండులా శుభ్రంగా ఉంది. హేమశ్రీ రోజూలాగే పుస్తకంలో తల దూర్చేసింది. తర్వాత లేచి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. పాలు పొంగేలోగా బయట చేట కింద పడ్డ చప్పుడు, చింతగింజలు మెట్ల మీద దొర్లిన చప్పుడు. వచ్చి చూస్తే చుట్ట ఒళ్ళో, చీర పొగలేస్తోంది, పెదవి కాలి ఉంది, మామ్మ తన ఒళ్ళో నిప్పుని ఎవరి నిప్పో అన్నట్టు చూస్తోంది.

"ముసిల్ది మూతి కాల్చుకుంది," అని వచ్చిన వాళ్ళందరికీ అత్త చెప్పింది. ఆ ఒక్క మాటలో అన్నీ సర్దుకుపోయాయి. మూతి వంకరగా ఉందేమిటంటే కాలి వాచింది. మాట ముద్దగా వస్తోందేమిటంటే నాలిక బొబ్బెక్కింది. చొంగ కారుతోందంటే కాలిన నోరు కారదా మరి. నడక తడబడుతోందంటే అదిరిపోయింది పాపం, ముసలి ప్రాణం. 108కి ఫోన్ చేద్దామా అని ఎవరో అంటే, "మూతి కాలిందని 108కి సేస్తే నవ్వుతారే," అంది అత్త. చోడవరంలో గణపతిరావుగారు ఉన్నారు. డిగ్రీలున్న డాక్టరు కాదు గాని హస్తవాసి మంచిది. జ్వరానికి ఆయనే, తేలు కుట్టినా ఆయనే. ఒక సూది వేసి, ఆయింట్‌మెంటు ఇచ్చి, నీరసంగా ఉందంటే సెలైను ఎక్కిస్తారు. దీపాలు పెట్టేసరికి ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. అంతా సరిగ్గానే ఉంది, అన్నిటికీ జవాబు ఉంది, ఒక్క చెప్పుకి తప్ప.

చెప్పుకీ, నీళ్ళకీ. బయల్దేరే ముందు అత్త గ్లాసుతో నీళ్ళిచ్చింది. నీళ్ళు ఎడమ కొసనుంచి మెడ మీదికి కారిపోయాయి. మామ్మ తుడుచుకోలేదు. ఆ కారడం హేమశ్రీకి తెలుసు. మామ్మ పెనిమిటి జగ్గయ్య తాతకి గంజి అలాగే కారేది. తనకి ఏడో ఎనిమిదో ఏళ్ళు. తాత మూతి ఒక పొద్దున వంకరపోతే గాలి సోకిందన్నారు, గణపతిరావుగారు సెలైను పెట్టారు, తర్వాత ఎవరో పసరు మర్దనా చేశారు, తర్వాత ఇంకెవరో పావురం రక్తం రాయమన్నారు, అన్నీ అయ్యేసరికి తాత మంచం మనిషైపోయాడు, ఎన్నో ఏళ్ళు అలాగే ఉండి అలాగే వెళ్ళిపోయాడు. తాతకి గంజి పట్టడం హేమశ్రీ పని. చెంచా ఏ పక్క పెడితే లోపలికి వెళ్తుందో, ఏ పక్క పెడితే దిండు మీదికి వస్తుందో ఆ వయసుకే ఆమెకి తెలిసిపోయింది. ఇంట్లో ఎవరికీ అంత బాగా తెలీదు. గంజి అయ్యేక తాత బాగున్న చేత్తో ఆమె జడ కొస పట్టుకుని లాగేవాడు, థాంక్స్ అన్నమాట. ఇప్పుడు మామ్మకీ అదే పక్క, అదే కారడం.

మరి చెప్పు. ఇప్పుడు చెప్పు. అత్తా, ఇది కాలడం వల్ల కాదు. ఈ వాక్యం నోటి దాకా వచ్చింది, పళ్ళ వెనకాల నిలబడింది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు కూడా ఇంతే. పేరు పిలుస్తారు, ప్రెజెంట్ అని అంటుంది, అది తనకి వినపడుతుంది, బల్ల మీద పక్కన కూర్చున్న కీర్తికి వినపడుతుంది, మాస్టారి దాకా వెళ్ళదు. ఎన్నోసార్లు బెంచీ మీద కూర్చుని ఉండగానే ఆబ్సెంట్ పడింది. కీర్తి లేచి "ఉందండీ, ఇదిగో ఉందండీ" అని అరిచేది. ఇక్కడ కీర్తి లేదు. నాన్నకి ఫోన్ చేద్దామంటే షిఫ్టులో ఉన్నాడు, ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, అత్త ఇంటి దగ్గరే చేసి చూసింది, మోగి మోగి ఆగిపోయింది.

నాన్నే చెప్పాడు, శివాజీ అని తనతో పనిచేసే ఆయన సంగతి. పని చేస్తూ చేస్తూ ఆయన చేతిలోంచి స్పానర్ పడిపోయింది, తీసుకుందామంటే చెయ్యి మాట వినలేదు, మూతి పక్కకి పోయింది. సూపర్‌వైజరు ఆయన్ని జీపులో పడేసి దగ్గర్లో ఏ డాక్టరు దగ్గరా ఆపకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాడు. దీనికో ఇంజక్షన్ ఉందట, తలకి స్కానింగ్ తీసి ఇస్తారట, బేగి వెళ్తేనే ఇస్తారట, ఆలస్యమైతే ఇచ్చినా లాభం లేదని ఇవ్వరట. ఇప్పుడు శివాజీ మళ్ళీ మోటారుసైకిలు మీద డ్యూటీకొస్తున్నాడు. అది చెప్తూ నాన్న అన్నం కలుపుతున్నాడు. "మా అయ్యనీ అలా తీసుకెళ్ళుంటే," అని, ఆ మాట పూర్తి చెయ్యకుండా, అన్నం కలుపుతూనే ఉన్నాడు, చాలాసేపు, కలవాల్సింది ఇంకేమీ లేకపోయినా.

ఆటో గోవాడ సుగర్ ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టరు వెనక నెమ్మదిగా పోతోంది. ట్రాక్టరు మీంచి వేలాడుతున్న చెరుకాకులు రోడ్డుని ఊడ్చుకుంటూ పోతున్నాయి. ఎక్కడో చెత్త తగలబెట్టిన వాసన, పచ్చి చెరుకు తియ్యటి వాసన, మామ్మ చీర కాలిన వాసన. నా అనుమానం తప్పైతే. అనకాపల్లి దాకా వెళ్ళి, ఎమర్జెన్సీలో పడుకోబెట్టి, స్కానింగ్ తీయించి, వాళ్ళు మూతి కాలిందమ్మా అంతే అని చెప్పి పంపిస్తే. అత్త కోత పని పోతుంది. ఊళ్ళో ఒక పేరు పెడతారు, మా ఊరు పేర్లు పెట్టడంలో గొప్పది, నిక్కరు జారినవాడికి ముసలాడయ్యేదాకా ఆ పేరే. మూతి కాలితే తలకి ఫొటో తీయించిన గుంట. పెళ్ళిలోనూ అదే చెప్పుకుంటారు. నీళ్ళ కుళాయి దగ్గర నవ్వుతారు. నా అనుమానం నిజమైతే. ఆ వైపు ఆలోచన వెళ్ళగానే ఆమెకి తాత మంచం కనపడింది, అటక మీద ఇంకా ఉంది ఆ మంచం, నవారు తిరగేసి కట్టారు. ఒక పక్క నవ్వు, ఒక పక్క మంచం. నవ్వు ఎంత బరువుంటుంది? నవ్వుని మొయ్యొచ్చు. ఏడాది మోస్తే తేలికైపోతుంది. తాత మంచాన్ని అటక ఎక్కించడానికి నలుగురు కావలసొచ్చారు.

చోడవరం వచ్చేసింది. సినిమాహాలు, మందుల షాపులు, బస్సుల హారన్లు. గణపతిరావుగారి సందు మొగలో ట్రాక్టరు అడ్డం తిరిగి నిలబడిపోయింది, వెనకాల ఇంకో రెండు. పెదబాబు ఆటో పక్కకి ఆపాడు. సందు చివర గణపతిరావుగారి ఆకుపచ్చ తలుపు, బయట బెంచీ మీద కూర్చున్న జనం కూడా కనిపిస్తున్నారు. ఎంత దగ్గరో. తెలిసిన తలుపు, తెలిసిన బెంచీ, తెలిసిన డెట్టాల్ వాసన. ఆ తలుపులోంచి లోపలికెళ్తే అందరికీ నిశ్చింత.

అత్త దిగిపోయింది. "ఇంక బండి కదల్దు. నడిపించుకెల్లిపోదాం. ఒసే, అటుపక్క జబ్బ పట్టుకో."

హేమశ్రీ దిగలేదు.

"దిగవేటే. నిన్నే."

ఆమె గుప్పిట విప్పింది. చుట్టని ఒకసారి మామ్మ చీర మీద తుడిచి, రోజూ మామ్మ పెట్టుకునే వైపే తిప్పి, "మామ్మా, ఇదిగో," అని మామ్మ నోటికి అందించింది. మామ్మ నోరు తెరిచింది, అలవాటు కదా, కళ్ళలో కొంచెం సంతోషం కూడా వచ్చింది. కుడి పెదవి చుట్ట మీద మూసుకుంది. ఎడమ పెదవి మూసుకోలేదు. చుట్ట ఆ పక్కకి ఒరిగి, జారి, ఒళ్ళో పడింది. హేమశ్రీ తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది, అటే.

"సరిపోయింది," అంది అత్త నవ్వి. "మూతి కాలిపోయి ఏడుస్తుంటే సుట్టేటే దానికి? కాలిన మూతికి పట్టుంటాదేటి?"

"చెయ్యి కాల్లేదు కదత్తా," అంది హేమశ్రీ.

అత్తకి వినపడలేదు. రోడ్డంతా హారన్లు. హేమశ్రీకి ఒళ్ళంతా వేడెక్కింది, చెవులు మూసుకుపోయినట్టయ్యాయి, బెంచీ మీద కూర్చుని ఆబ్సెంట్ పడ్డ ప్రతిసారీ ఇలాగే ఉండేది. ఆమె మామ్మ ఎడమ చేతిని రెండు చేతులతో ఎత్తి, అత్తకి కనపడేలా పైకి పట్టుకుని, వదిలేసింది. చెయ్యి దభీమని ఒళ్ళో పడింది.

"చెయ్యి కాల్లేదు కదత్తా." ఈసారి పెదబాబు కూడా వెనక్కి తిరిగాడు. "కాలూ కాల్లేదు. చెప్పు పోయినా తెలీలేదు మామ్మకి. కాలితే చుట్ట జారలేదత్తా. జారితే కాలింది. తాతకీ ఈ పక్కే కారేది గంజి. నాకు తెలుసు, నేను పట్టేదాన్ని. ఇక్కడొద్దు. అనకాపల్లి పోదాం, ఎమర్జెన్సీకి."

ఆమె జీవితంలో ఒక్క ఊపిరితో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. అత్త ఆమె ముఖం చూసింది, ఆకుపచ్చ తలుపు చూసింది, ఒళ్ళో పడ్డ చుట్ట చూసింది. తర్వాత వంగి మామ్మ గెడ్డం పట్టుకుని ముఖాన్ని తన వైపు పూర్తిగా తిప్పుకుంది. "అమ్మా," అంది. "ఏదీ, నవ్వు. నన్ను సూసి నవ్వే." మామ్మ నవ్వింది. సగం నవ్వింది.

అత్త ఆటో ఎక్కేసింది. కుచ్చిళ్ళు ఇప్పుడు కిందికి లాక్కుంది. "పోనీరా," అంది.

"సందులోకేనా అప్పా?"

"అనకాపల్లి. ఎక్కడా ఆపకు."

పెదబాబు కిందికి దూకి ట్రాక్టరు దగ్గరికి పరిగెట్టాడు. "ఒరే బాబూ, తియ్రా బండి. మా పెద్దమ్మకి పచ్చవాతం వస్తంది," అని అతను అరిచిన అరుపుకి, అంతసేపూ కదలని ట్రాక్టరు కాలవ గట్టు మీదికి ఒక చక్రం ఎక్కించి మరీ దారిచ్చింది. ఎవరో చెరుకు గడలు కాళ్ళతో పక్కకి నెట్టారు. ఆకుపచ్చ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

వెంకన్నపాలెం దాటుతుండగా అత్త గణపతిరావుగారికి ఫోన్ చేసింది, ఎందుకో, అలవాటు, ఆయనకి చెప్పకుండా ఏ జబ్బూ మొదలవదు వాళ్ళింట్లో. స్పీకర్లో ఆయన గొంతు వినపడింది. "మంచి పని సేసేరు చిన్నమ్మీ. నా కాడికి తెస్తే బొబ్బ సూసి మందు రాసి పంపేద్దును కాబోలు. నీళ్ళు కూడా పట్టకండి. పొండి, పొండి." అత్త ఫోను పెట్టేసింది. తర్వాత మామ్మ తల మీంచి చెయ్యి చాపి హేమశ్రీ నెత్తి మీద మెల్లిగా ఒకటి మొట్టింది.

"ముందే సెప్పొచ్చు కదే."

"చెప్తనే ఉన్నానత్తా."

"ఎవులికి?"

"లోపల."

పెదబాబు నవ్వాపుకోలేకపోయాడు. అత్త కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. మామ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రపోనివ్వకూడదేమో, ఎవరు చెప్పారో గుర్తులేదు, ఎవరూ చెప్పలేదేమో, అయినా హేమశ్రీ మాట్లాడ్డం మొదలుపెట్టింది. మామ్మా, ఇదిగో ఇటు చూడు. నీకో సంగతి చెప్పనా, ఆ బస్సు డ్రైవరు ఒకసారి నిజంగానే చెయ్యూపాడు. నువ్వప్పుడు లోపలున్నావు. నేను కూడా ఊపాను, నీకు చెప్పలేదు, చెప్తే ఊరంతా చాటేస్తావని. ఉష టీచరుగారు నా వ్యాసం చదివి వినిపించారు క్లాసులో, పేరు చెప్పొద్దన్నాను, చెప్పలేదు, అందరూ కీర్తి రాసిందనుకున్నారు. మామ్మా, పోయినేడు నీ చుట్ట కట్ట దాచేసింది నేనే, పిల్లి కాదు. ఇన్నేళ్ళ మాటలు ఎక్కడ దాక్కున్నాయో, ఒకదాని తోక పట్టుకుని ఒకటి బయటికొచ్చాయి. తోటలు పోయాయి, బెల్లం వండే పొయ్యిల పొగ పోయింది, తుమ్మపాల పోయింది, ఆమె మాట్లాడుతూనే ఉంది. చుట్ట కట్ట సంగతి దగ్గర మామ్మ కుడి కన్ను తెరిచి ఒక చూపు చూసింది. ఆ చూపులో పూర్తి మామ్మ ఉంది.

ఎమర్జెన్సీ ముందు ఆటో ఆగగానే స్ట్రెచరు వచ్చింది. లోపల అన్నీ తెల్లటి లైట్లు. డ్యూటీ డాక్టరు చిన్నావిడ, జుట్టు ముడి వేసుకుంది. మామ్మ రెండు చేతులూ ఎత్తమంది, కంట్లోకి లైటు వేసింది, పెదవి మీది బొబ్బని ఒకసారి చూసి వదిలేసింది. "చివరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడు?"

"మద్దేనమండీ," అంది అత్త.

"మధ్యాహ్నం అంటే కుదరదమ్మా. ఎన్నింటికి? ఇంజక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది దాని మీదే ఉంది."

హేమశ్రీ ఏదో అంది. డాక్టరు వంగి, "గట్టిగా చెప్పమ్మా," అంది. హాజరు పిలిచినట్టే ఉంది. ఆమె గొంతు సవరించుకుంది. "మూడున్నర మాడుగుల బస్సు వెళ్ళినప్పుడండీ. నీ మొగుడి బస్సు ఎల్లిపోతందే అంది నాతో. బాగా అంది. నేను టీ పెట్టడానికి వెళ్ళాను. పాలు పొంగలేదు ఇంకా, అప్పుడే."

డాక్టరు పెదవి కొసన నవ్వొచ్చి ఆగింది. "బస్సు టైముకే వచ్చిందా ఇవాళ?"

గుమ్మం దగ్గర్నుంచి పెదబాబు అందుకున్నాడు. "లేటండీ. వడ్డాదిలో నా ఆటో ఎక్కినోల్లని దింపి మరీ ఎక్కించుకుపోయిందండీ ఆ బస్సు. నేను టైము సూసుకుని తిట్టుకున్నాను. నాలుగవడానికి కొంచెం ముందండీ."

డాక్టరు గోడ గడియారం చూసి, నర్సుకి ఏదో చెప్పింది. స్ట్రెచరు స్కానింగ్ వైపు పరుగెత్తింది. చక్రాల చప్పుడు పోయేదాకా ముగ్గురూ నిలబడే ఉన్నారు.

ఆ తర్వాతి సమయం ఎలా గడిచిందో హేమశ్రీకి తెలీలేదు. స్కానింగ్ అయింది. రక్తం గడ్డ ఒకటి తలలో అడ్డుపడిందని, టైములోనే తెచ్చారని, ఇంజక్షన్ మొదలుపెట్టామని డాక్టరు చెప్పింది. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పింది, సూటిగా, కళ్ళలోకి చూసి. నాన్న ఫోన్ చేశాడు, షిఫ్టు దిగి చూసుకున్నాడట, బయల్దేరాడు. అత్త ఏడ్చింది, ఆగింది, పెదబాబుకి టీ తెప్పించింది. కిటికీలోంచి బయటి లైటు వెలుగు నేల మీద, బెంచీ కాళ్ళ మీద పడుతోంది. హేమశ్రీ అరచేతిలో ఇంకా ఆ చుట్ట ఉంది. సందు మొగలో ఒళ్ళోంచి తీసి మళ్ళీ పట్టుకుందన్నమాట. పొగాకు మరక చర్మంలోకి దిగిపోయింది. నవ్వితే నవ్వనీ అనుకుంది. ఎవరు నవ్వుతారు, ఎందుకు నవ్వుతారు, ఆ ఊసంతా చోడవరంలోనే ఎక్కడో దిగిపోయినట్టుంది.

నర్సు తలుపు తీసి, "ఒక్కరే రండి," అంది. హేమశ్రీ అత్త వైపు చూసింది. అత్త ఆమె వీపు మీద చెయ్యి వేసి తోసింది. "ఎల్లు. నీ మాటే ఇంటాదిప్పుడు అది."

మామ్మకి ఆకుపచ్చ గౌను వేశారు. అందులో చాలా చిన్నగా ఉంది. చేతికి ట్యూబు, తల దగ్గర టిక్కు టిక్కుమంటూ మిషను. పెదవి మీద బొబ్బకి ఎవరో తెల్లటి మందు రాశారు, చివరికి ఆ పని కూడా అయింది. కళ్ళు మూసుకుని ఉంది. హేమశ్రీ ఎడమపక్కే నిలబడింది, ఆటోలో కూర్చున్న పక్క. దుప్పటి మీద ఆ చెయ్యి ఉంది. చూస్తూ నిలబడింది. ముందు చూపుడువేలు కదిలినట్టు అనిపించింది, మిషను చప్పుడుకేమోననుకుంది. తర్వాత వేళ్ళన్నీ ముడుచుకున్నాయి. ఆ చెయ్యి దుప్పటి మీద మెల్లిగా, చాలా బద్ధకంగా, పాకుతూ నడుం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగి వెతుక్కుంటోంది. రోజూ చీర దోపుకునే చోట, రొంటిన చుట్ట పెట్టుకునే చోట. గౌనుకి రొంటి లేదు. వేళ్ళు అటూ ఇటూ తడుముతున్నాయి, ఎడమ చేతి వేళ్ళు.

హేమశ్రీ గుప్పిట బిగించి వీపు వెనక దాచేసుకుంది. "ఇవ్వను," అంది.

మామ్మ కళ్ళు తెరవలేదు. పెదవులు కదిలాయి. మాట ఇంకా ముద్దగానే ఉంది, కాని అది ఏ మాటో పోల్చుకోవచ్చు. "గుంట."

"అత్తా," అని హేమశ్రీ తలుపు వైపు తిరిగి అరిచింది. "అత్తా, ఎడం చెయ్యి. చుట్ట కోసం వెతుక్కుంటంది, ఎడం చేత్తో." వార్డులో ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. మూల మంచం మీది ముసలాయన లేచి కూర్చున్నాడు. నర్సు పరుగున వచ్చి, మెల్లిగా మాట్లాడమ్మా, ఇది ఆసుపత్రి, అని మందలించింది.

హేమశ్రీని మెల్లిగా మాట్లాడమనడం, పుట్టి బుద్ధెరిగేక అదే మొదలు.